ఎబెరాన్ క్యారెక్టర్లని స్వోర్డ్ కోస్ట్ కాంపెయిన్‌లోకి తేవాలంటే ఏమేం మార్చాలి?

డీ20_గోదావరి:
అందరికీ నమస్తే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, ఫర్గాటెన్ రెల్మ్స్ అనే లోకంలో, స్వోర్డ్ కోస్ట్ తీరాన ఉన్న వాటర్‌డీప్ నగరం చుట్టుపక్కల, అక్కడి క్యాలెండర్‌లో 1492 డీఆర్‌లో కొత్త కాంపెయిన్ (సెషన్లుగా సాగే కథ) మొదలుపెడుతున్నాం. లెవెల్ 1 నుంచి, ఐదో ఎడిషన్, 2014 రూల్స్. నలుగురు ప్లేయర్లు. ఒకరికి ఎబెరాన్ అనే ఇంకో లోకం మీద 2019లో వచ్చిన పుస్తకంలోని వార్‌ఫోర్జ్‌డ్ (ప్రాణమున్న యంత్రమనిషి) ఫైటర్ కావాలి. ఇంకొకరికి మార్క్ ఆఫ్ హీలింగ్ (వైద్యశక్తినిచ్చే ఒంటి గుర్తు) ఉన్న హాఫ్లింగ్ (పొట్టి మనుషుల జాతి) వార్‌లాక్ (ఒప్పందంతో మంత్రశక్తి పొందే క్లాస్). మూడో ఆయన రావ్నికా అనే మరో లోకం పుస్తకంలోని బోరోస్ లీజనేర్ బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పూర్వజీవితం) అడుగుతున్నారు. నాలుగో ఆవిడది మామూలు హ్యూమన్ క్లెరిక్ (దైవశక్తితో వైద్యం చేసే పూజారి).

పేర్లు, ఊళ్లు మార్చి కథ సర్దేస్తే సరిపోతుందా, అంకెలు కూడా ముట్టుకోవాలా? ముగ్గురినీ కాదనకుండా ఒప్పుకోవాలనే ఉంది. కానీ వీళ్ల పక్కన క్లెరిక్ తేలిపోకూడదు.

కొలిమి_కబుర్లు:
అంకెల్లో చాలావరకు ఏ లోకంలోనైనా నడుస్తాయండి. ఇబ్బంది అంకెలకి బయట ఉంటుంది. ఎబెరాన్‌లో డ్రాగన్‌మార్క్ (వంశంలో వచ్చే ఇలాంటి శక్తి గుర్తు) ఉన్నవాళ్లకి వెనక ఒక హౌస్, అంటే ఆ శక్తితో వ్యాపారం చేసే వంశం, ఉంటుంది. హీలింగ్ మార్క్ హాఫ్లింగ్‌లది, వాళ్ల హౌస్ జొరాస్కో. వైద్యం వాళ్ల వ్యాపారం, డబ్బు తీసుకునే చేస్తారు. అక్కడ పెద్ద లెవెల్ క్లెరిక్‌లు అరుదు కాబట్టి ఆ మార్క్‌కి అంత విలువ. హౌస్‌లు భూములు, బిరుదులు పెట్టుకోకూడదని కోర్త్ శాసనాలు కూడా ఉన్నాయి. స్వోర్డ్ కోస్ట్‌లో ఇవేవీ లేవు. గుళ్లలో వైద్యం దొరుకుతుంది, హౌస్ ఆంక్షలు ఉండవు. అంటే అక్కడ ఆ శక్తిని అదుపులో పెట్టినవన్నీ అక్కడే ఉండిపోయి, శక్తి ఒక్కటే మీ టేబుల్‌కి వస్తుంది. వాటి బదులు ఏం పెడతారో మీరే తేల్చుకోవాలి.

మీ ముగ్గురిలో నిజంగా జాగ్రత్తపడాల్సింది వార్‌లాక్ దగ్గర. మార్క్ ఇచ్చే స్పెల్స్ (మంత్రాలు) ఆ క్లాస్ లిస్ట్‌లో చేరతాయి, పాక్ట్ మ్యాజిక్ (వార్‌లాక్ మంత్రపద్ధతి) ఉన్నవాళ్లకీ అదే రూలు. వార్‌లాక్ స్లాట్లేమో (ఒక్కో స్లాట్ ఖర్చుతో ఒక స్పెల్) గంటసేపటి షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి. లెక్క చూడండి.

లెవెల్ 3లో ప్రేయర్ ఆఫ్ హీలింగ్ వస్తుంది. పది నిమిషాల క్యాస్టింగ్, ఆరుగురి దాకా ఒక్కొక్కరికి 2డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు రెండు) + మాడిఫయర్ హిట్ పాయింట్లు (ప్రాణబలం) తిరిగొస్తాయి. కరిస్మా 16 (మాడిఫయర్ +3) అయితే సగటున 12. నలుగురికి 48, రెండు స్లాట్లకి 96. తర్వాత గంట కూర్చుంటే రెండు స్లాట్లూ మళ్లీ చేతిలో.

లెవెల్ 5లో ఆరా ఆఫ్ వైటాలిటీ వస్తుంది, అసలు గొడవ అక్కడ. మామూలుగా అది పాలడిన్ (పవిత్ర యోధుడు) స్పెల్, పాలడిన్ లెవెల్ 9కి గానీ అందుకోలేడు. నిమిషం పాటు ప్రతి రౌండ్ బోనస్ యాక్షన్‌కి 2డీ6. పది రౌండ్లకి 20డీ6, సగటు 70. అదే లెవెల్‌లో కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న ఫైటర్ మొత్తం హిట్ పాయింట్లే 44. రెండు స్లాట్లకి 140, షార్ట్ రెస్ట్ తర్వాత ఇంకో 140. మీ క్లెరిక్‌కి లెవెల్ 5లో మూడో లెవెల్ స్లాట్లు రోజు మొత్తానికి రెండే. తేలిపోవడం ఖాయం.

స్పెల్స్ తీసేయొద్దు, ఆ ప్లేయర్ వాటికోసమే ఆ మార్క్ అడిగారు. ఒక్క రూలు చేర్చండి: రెండో లెవెల్, అంతకు పైన ఉన్న మార్క్ స్పెల్ ఏదైనా, ఒక్కోటి లాంగ్ రెస్ట్‌కి (రాత్రి విశ్రాంతికి) ఒక్కసారే. మొదటి లెవెల్‌వి, అంటే క్యూర్ వూండ్స్, హీలింగ్ వర్డ్, ఎన్నిసార్లయినా వేసుకోనివ్వండి. మెడిసిన్ చెక్‌కి కలిసే డీ4, రోజుకోసారి హీలింగ్ టచ్ అలాగే ఉంచండి, వాటితో ఏ హానీ లేదు.

కథకి రెల్మ్స్‌లోనే మంచి ఆధారం ఉంది. 1385లో స్పెల్‌ప్లేగ్ అనే మంత్రశక్తి విపత్తు వచ్చినప్పుడు కొందరి ఒంటి మీద నీలిమంట గుర్తులు, స్పెల్‌స్కార్లు పడ్డాయి. మీ కథాకాలానికి అది వందేళ్ల నాటి మాట కాబట్టి ముత్తవ్వ నుంచి వంశంలో దిగిన మచ్చ అనండి. పెద్ద స్పెల్ వాడగానే నీలం పోయి బూడిదరంగుకి తిరుగుతుంది, రాత్రి విశ్రాంతితో మళ్లీ రంగొస్తుంది. పైన చెప్పిన రూలుకి కారణం టేబుల్ మీద అందరికీ కనిపిస్తుంది. ‘డ్రాగన్‌మార్క్’ అనే పేరు మాత్రం వాడకండి, రెల్మ్స్‌లో అది వింటే కల్ట్ ఆఫ్ ద డ్రాగన్ గుర్తు అనుకుంటారు.

ఇత్తడి_గుండె:
వార్‌లాక్ లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. వార్‌ఫోర్జ్‌డ్ సంగతి నేను చెప్తాను.

చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్లు) ముందు వార్‌ఫోర్జ్‌డ్‌కి వచ్చే +1 ఏసీ (దాడి తగలాలంటే చేరాల్సిన అంకె) మీద పడతారు. చెయిన్ మెయిల్ 16, డాలు 2, డిఫెన్స్ స్టైల్ 1, ఇంటిగ్రేటెడ్ ప్రొటెక్షన్ 1, మొత్తం 20. గాబ్లిన్ దాడి +4, అంటే ఇరవై ముఖాల డై మీద 16 లేదా పైన పడితేనే తగులుతుంది, 25 శాతం. ఆ +1 లేకపోతే 30 శాతం. ఇరవై దెబ్బల్లో ఒక్కటి తేడా. దాన్ని వదిలేయండి. మరీ ఇబ్బందనిపిస్తే +1 కవచం దొరికే చోటుని ఇంకో రెండు లెవెల్స్ వెనక్కి జరపండి, అంతే.

రాత్రి కాపలా గురించి ఎక్కువ ఆలోచించాలి. నిద్ర బదులు తీసుకునే ఆరు గంటల సెంట్రీస్ రెస్ట్‌లో వార్‌ఫోర్జ్‌డ్ కదలకుండా ఉంటాడు గానీ స్పృహలోనే ఉంటాడు, చూపూ వినికిడీ మామూలే. కవచం ఒంట్లో భాగం, కాబట్టి అర్ధరాత్రి దాడిలో కూడా ఏసీ 20తోనే లేస్తాడు. మిగతావాళ్లకి చెయిన్ మెయిల్ తొడగడానికే పది నిమిషాలు. దీన్ని చూసి ఇక రాత్రి దాడులు దండగ అనుకుంటారు. కానీ వార్‌ఫోర్జ్‌డ్‌కి డార్క్‌విజన్ (చీకట్లో చూపు) లేదు. విజ్‌డమ్ 12, పర్సెప్షన్ (గమనించే) నైపుణ్యం ఉందనుకున్నా పాసివ్, అంటే పాచిక వేయకుండా లెక్కేసే అంకె, 13. నెగడు వెలుగు పలచబడే చోట చూపు మీద ఆధారపడితే 5 తగ్గి 8. గాబ్లిన్‌కి 60 అడుగుల డార్క్‌విజన్, స్టెల్త్ (చప్పుడు లేకుండా దాక్కోవడం) +6. దాదాపు ఎప్పుడూ గాబ్లినే గెలుస్తుంది. కాబట్టి ఎక్కడ పడుకున్నారు, నెగడు వెలిగించారా లేదా అని ప్రతిసారీ అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సమస్య సగం తీరుతుంది.

ఇంకోటి, అతన్ని కన్‌స్ట్రక్ట్‌గా (యంత్రం కోవలో) లెక్కేయకండి. 2019 పుస్తకం ప్రకారం ప్లేయర్ వార్‌ఫోర్జ్‌డ్ హ్యూమనాయిడ్ (మనుషుల కోవ). కన్‌స్ట్రక్ట్ అన్నారంటే 2014 క్యూర్ వూండ్స్ అతని మీద పనిచేయదు, మీ క్లెరిక్ చేతులు కట్టేసినట్టే. అటు చార్మ్ పర్సన్, హోల్డ్ పర్సన్ కూడా తగలవు. రెండు వైపులా బ్యాలెన్స్ చెడుతుంది.

కథకి వాటర్‌డీప్‌లో గాండ్ (చేతిపనుల దేవుడు) గుడి ఉంది, హౌస్ ఆఫ్ ఇన్‌స్పైర్డ్ హ్యాండ్స్. నింబుల్‌రైట్‌లు అనే నడిచే యంత్రాలు అక్కడివే, జనానికి ఈ రకం బొమ్మ కొత్తేమీ కాదు. లేదా లాంటన్ ద్వీపం నుంచి ఓడలో వచ్చాడనండి, అప్పుడు రెండో భాషగా గ్నోమిష్ ఇస్తే అతుకుతుంది. ఎబెరాన్‌లోని ఖార్వేర్ ఖండంలో వార్‌ఫోర్జ్‌డ్‌ని అందరూ ఎరుగుదురు, అక్కడి క్యాలెండర్‌లో 996లో థ్రోన్‌హోల్డ్ సంధి వాళ్లకి స్వేచ్ఛ ఇచ్చింది. వాటర్‌డీప్‌లో అలాంటి సంధి లేదు. అతను మనిషా, ఎవరి సొత్తా అన్న ప్రశ్న మొదటి సెషన్‌లోనే సిటీ వాచ్ అడుగుతుంది. జవాబు ప్లేయర్‌తో కలిసి ముందే రాసుకోండి. గాండ్ పూజారి ముద్ర వేసిన పత్రం ఒకటి ఇన్వెంటరీలో పెట్టండి. అది పోయిన రోజు మీకు ఒక అడ్వెంచర్ చేతికొచ్చినట్టే.

పాచికల_పద్మ:
బోరోస్ సంగతి రెండు ముక్కల్లో. లీజనేర్ ఇచ్చే నైపుణ్యాలు అథ్లెటిక్స్, ఇంటిమిడేషన్. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని సోల్జర్‌కి కూడా అవే రెండు. సోల్జర్ ఇచ్చేయండి, రెల్మ్స్‌లోని ఆర్డర్ ఆఫ్ ద గాంట్లెట్ అనే సంఘంలో చేర్చండి. బోరోస్ గిల్డ్ (సంఘం) ఇచ్చే అదనపు స్పెల్ లిస్ట్ మాత్రం తేవద్దు. రావ్నికాలో పది గిల్డ్‌లకీ లిస్ట్‌లున్నాయి, టేబుల్ మీద అందరికీ ఒకటి వస్తుంది కాబట్టి సమానం. మీ దగ్గర ఒక్కరికే ఉంటే అది ఊరికే వచ్చిన అదనం. ఆయన ఫైటర్ లాంటి స్పెల్స్ లేని క్లాస్ తీసుకుంటే ఆ లిస్ట్‌తో పనే లేదు. పాలడిన్ అయితేనే పేచీ.

ఎప్పుడైనా 2024 రూల్స్‌కి మారితే పాత రేస్‌లోని ఎబిలిటీ పెంపు తీసేయాలి, అవి బ్యాక్‌గ్రౌండ్ నుంచే వస్తాయి. పాత బ్యాక్‌గ్రౌండ్ అయితే +2, +1 గానీ మూడింటికి +1 గానీ, పైన ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే వచ్చే ప్రత్యేక సామర్థ్యం) కలపాలి. రెండు చోట్లా పెంపు వేసుకోవడం అందరూ చేసే పొరపాటు.

డీ20_గోదావరి:
ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. ఆయన పాలడినే అంటున్నారు, సోల్జర్‌కి ఒప్పిస్తాను. ఒక్క సందేహం: ‘లాంగ్ రెస్ట్‌కి ఒక్కసారి’ రూలు చెప్తే వార్‌లాక్ ప్లేయర్ నాకే ఎందుకు అని అడుగుతారేమో. క్లెరిక్‌కి కూడా ఏదైనా ఇవ్వాలా?

కొలిమి_కబుర్లు:
క్లెరిక్‌కి అంకెలేమీ ఇవ్వక్కర్లేదు, హోదా ఇవ్వండి. ఆవిడ ఇల్మాటర్ (బాధితుల దేవుడు) పూజారిణి అయితే, గుడిలో పేదలకి ఉచిత వైద్యం చేసే చోట ఆవిడ పెద్ద, హాఫ్లింగ్ ఆవిడ కింద పనిచేసే మనిషి. గుడి తలుపులు తెరుచుకునేది, పరిచయాలు దొరికేది క్లెరిక్ మాట మీద.

వార్‌లాక్ ప్లేయర్‌కి మాత్రం లెక్క దాచకండి. 70 ఎలా వచ్చిందో, ఫైటర్ 44 ఎంతో పక్కపక్కన రాసి చూపించండి. క్యారెక్టర్ తయారుచేసే రోజే చెప్పాలి. లెవెల్ 5కి వచ్చాక చెప్తే ఇచ్చినదాన్ని లాక్కున్నట్టుంటుంది. వార్‌లాక్‌కి నేర్చుకునే స్పెల్స్ ఎలాగూ తక్కువ, లెవెల్ 5లో ఆరే. రోజుకోసారి స్పెల్స్ మూడు అందులో ఇరికించడం దండగని అనుకుంటే, లెవెల్ 5 నుంచి మార్క్ స్పెల్ ఒకటి లెక్కలోకి రాకుండా ఉచితంగా తెలిసినట్టు ఇవ్వండి. ఏది ఉచితమో ప్లేయర్‌నే ఎంచుకోనివ్వండి, లెవెల్ పెరిగినప్పుడు మార్చుకునే వీలు కూడా ఉంచండి.