అప్‌డేట్: మెగా డ్రైవ్ ప్రోటోటైప్ డంప్ సరిగ్గా వచ్చింది

సెగా గేమ్ కన్సోల్ మెగా డ్రైవ్ కోసం చేసిన ఒక ప్రోటోటైప్ గేమ్ బోర్డులోని చిప్‌ల డేటాని ఫైళ్లుగా తీస్తున్నాను, దీన్నే డంప్ అంటారు. ఒకే చిప్‌ని చదివిన ప్రతిసారీ ఎస్‌హెచ్‌ఏ-1 (డేటా నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్య, డేటా మారితే ఇదీ మారుతుంది) ఎందుకు మారుతోందని ఇక్కడే అడిగాను. కారణం తెలిసింది. బోర్డు మీద రెండు 27సీ040 ఈప్రామ్‌లు (కరెంటు లేకున్నా డేటా నిలిపే మెమరీ చిప్‌లు) ఉన్నాయి, ఒక్కొక్కటి 512 కేబీ. వాటిలో ఒకదాంట్లో డేటాని నిలిపి ఉంచే విద్యుత్ చార్జ్ కారిపోయి, 0 ఉండాల్సిన బిట్లు అప్పుడప్పుడు 1గా కనిపిస్తున్నాయి. చిప్ కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రోగ్రామర్‌లో (చిప్‌ని చదివే పరికరం) వీసీసీ, అంటే చిప్‌కిచ్చే వోల్టేజీ, 5 వోల్టుల నుంచి 4.5కి దించాక రీడింగులన్నీ ఒకేలా వచ్చాయి. వోల్టేజీ పెంచితే ఇలాంటి బిట్లు ఇంకా చెడిపోయినట్టు కనిపిస్తాయి, ఆ పని చేయకండి.

ఇక కలపడం. ఒక చిప్‌లో సరి బైట్లు, రెండోదాంట్లో బేసి బైట్లు. 0x80 (ఫైల్లో బైటు స్థానం) దగ్గర ఒక ఫైల్లో ‘ఎస్, జి’, ఇంకోదాంట్లో ‘ఇ, ఏ’ ఉంటాయి. ఒక్కో బైటు చొప్పున అల్లితే 0x100 దగ్గర ‘సెగా’ పూర్తిగా కనిపిస్తుంది.

అల్లిన రోమ్ (ROM) ఫైలుతో పాటు విడి ఫైళ్లు, చేతిరాత లేబుళ్ల ఫొటోలు కూడా పెడుతున్నాను. హెడర్‌లోని (గేమ్ వివరాలుండే భాగం) చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసే సంఖ్య) తప్పుగానే ఉంది, దాన్ని సరిచేయలేదు. ప్రోటోటైపుల్లో అది మామూలే, దయచేసి మీరూ ముట్టుకోకండి. అతినీలలోహిత కాంతి పడితే డేటా చెరిగిపోతుంది, అది పడకుండా చిప్ కిటికీల మీద లేబుళ్లు అలాగే ఉంచాను.