మెడ ఎమ్మారైలో తెల్ల మచ్చ: ఆపరేషన్ తర్వాత చేతులు కుదుటపడతాయా?

ప్రశ్న (గాజువాక, విశాఖ): మెడలో సీ5-సీ6 పూసల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయింది, టీ2లో (నీరు, వాపు తెల్లగా కనిపించే ఎమ్మారై బొమ్మ) తెల్లగా ఉందని రిపోర్టు. పేషెంటు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. ఆపరేషన్‌తో మామూలవుతారా అండీ?

జవాబు 1: టీ2 తెలుపు ఒక్కదానికే బెంగపడకండి. లేతగా, అంచులు మసకగా ఉంటే వాపు కావచ్చు, తగ్గొచ్చు. చిక్కటి తెలుపు, అంచులు గీసినట్టుండి, అదే చోట టీ1లో (ఎమ్మారైలోనే ఇంకో రకం బొమ్మ) నల్లగా ఉంటే మాత్రం కణజాలం శాశ్వతంగా దెబ్బతిన్న సూచన. రిపోర్టులో టీ1 మాటే లేకపోతే అడిగి రాయించుకోండి. ఫిల్ములు చాలవు, సీడీ తీసుకెళ్లండి.

జవాబు 2: బొమ్మతో పాటు ఎంజేవోఏ స్కోరు (చేతులు, కాళ్లు, మూత్రం అదుపు ఎలా ఉన్నాయో చూసి వేసే మార్కులు) వేయించండి. మొత్తం 18; 15–17 స్వల్పం, 12–14 మధ్యస్థం, 11, ఆ లోపు తీవ్రం. లక్షణాలు ఎంత పాతవైతే కోలుకోవడం అంత కష్టం. సిగరెట్టూ చెరుపే.

జవాబు 3: డీటీఐ (వెన్నుపాము పోగుల్లో నీటి కదలికను అంకెల్లో కొలిచే ఎమ్మారై పద్ధతి) గురించి ఎవరైనా చెబితే తొందరపడకండి. గుటక మింగినా అంకె చెదురుతుంది, మిషన్ మారితే పోలికే కుదరదు.