టీచర్ల ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు వేసినా మార్కుల్లో ఇంత తేడా ఎందుకు?

తిరుపతిలో ఒక ప్రైవేట్ హైస్కూల్లో లెక్కల టీచర్ల ఎంపిక చూస్తున్నాను. డీఎస్సీలోలా రాతపరీక్షకు 80, టెట్‌కు 20 శాతం వెయిటేజీ అనే పద్ధతి మాకు లేదు, ఇంటర్వ్యూయే ఆధారం. అందుకే ఈసారి అందరికీ అవే 6 ప్రశ్నలు, అదే వరుస, ఒక్కోదానికి 5 మార్కులు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసుకున్నాం. ముగ్గురం విడివిడిగానే వేశాం.

అయినా తేడా పోలేదు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో 7వ తరగతి పిల్లలకు ఎలా చెప్తారని అడిగితే, ఒకావిడ అప్పు ఉదాహరణతో తెలుగులో ఎంతో చక్కగా చెప్పారు. నేను 5 వేశాను, ఇంకొకరు 2. ఇంగ్లీషు తడబడిందట! మేం రాసుకున్నదాంట్లో ఇంగ్లీషు ఊసే లేదు. ఆవిడకు అన్యాయం జరిగిందనే అనిపిస్తోంది.

మాది ఇంగ్లీషు మీడియం, భాషను పూర్తిగా వదలలేం. సోమవారం రెండో విడత. ఇంగ్లీషుకు విడిగా 5 మార్కులు పెడితే, మిగతా ప్రశ్నల మార్కుల మీద దాని ప్రభావం తగ్గుతుందా?