ఐటీఐ ఎలక్ట్రీషియన్ లెవెల్ 4 ఆ, 5 ఆ? ఫారంలో ఏది నొక్కాలి? అర్జెంట్

బోడుప్పల్ పిల్లగాడు:
సాయంత్రం నుంచి ఈ ఫారంతో కొట్టుకుంటున్నా, బుర్ర వేడెక్కిపోయింది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్. నాదీ మా తమ్ముడిదీ ఒకటే ట్రేడ్, ఎలక్ట్రీషియన్. ఒకటే ఐటీఐ. ఇద్దరికీ ఒకే సారు చెప్పారు. నా సిలబస్ పుస్తకం అట్ట మీద ఎన్‌ఎస్‌క్యూఎఫ్ లెవెల్ 5 అని ఉంది. వాడి పుస్తకం మీద లెవెల్ 4 అని ఉంది. అదే రెండేళ్లు చదివి వాడు నాకంటే ఒక మెట్టు కింద ఎలా ఉంటాడు? ఫారంలో 'క్వాలిఫికేషన్ లెవెల్' అని బాక్స్ ఉంది, నొక్కితే 1 నుంచి 10 వరకు వస్తున్నాయి. 4 పెడితే ఎర్ర అక్షరాలతో ఎర్రర్. 5 పెడితే తీసుకుంటోంది. 5 పెట్టేసి పంపేయమంటారా? రేపు మధ్యాహ్నం లోపు ఇవ్వాలి. టెన్షన్‌తో చస్తున్నా.

చిన్నమాట:
ఏ దేశం ఫారం?

గ్రూప్ డీ వెయిటింగ్:
బ్రో, 5 పెట్టేయ్, ఆలోచించకు. లెవెల్ 4 అంటే బేసిక్ 25,500, లెవెల్ 5 అంటే 29,200. డీఏ కలిపితే చాలా తేడా వస్తుంది. చేతికొచ్చిన లెవెల్ ఎవరైనా వదులుకుంటారా?

హెచ్‌ఆర్ అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పేది ఏడో వేతన సంఘం పే మ్యాట్రిక్స్. అది ఉద్యోగానికి జీతం లెవెల్. ఆయన అడిగేది చదువు లెవెల్. రెంటికీ సంబంధం లేదు. ఇలాంటి సలహాలు విని మా కంపెనీకి రెజ్యూమె పంపేవాళ్లు 'లెవెల్ 5 ఎంప్లాయీ' అని రాసి పంపుతారు, వాళ్లని ఏం చేయాలో మాకు అర్థం కాదు.

పాత ఇన్‌స్ట్రక్టర్:
బాబూ, నువ్వు ఏ సంవత్సరంలో చేరావో, మీ తమ్ముడు ఏ సంవత్సరంలో చేరాడో రాయలేదు. జవాబంతా అక్కడే ఉంది. అయినా మీ పుస్తకాలను బట్టి చెబుతాను. మీ అట్ట మీది ఎన్‌ఎస్‌క్యూఎఫ్, అంటే మన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, 2013 డిసెంబర్ 27న నోటిఫై అయింది. అప్పుడు 10 లెవెళ్లు. రెండేళ్ల ఎలక్ట్రీషియన్‌ని అందులో 5 మీద కూర్చోబెట్టారు. 2022 జూలైలో సిలబస్ సవరించినప్పుడు అదే ట్రేడ్‌ని 4కి మార్చారు. ఆ తర్వాత 2023లో చట్రాన్నే మార్చి 8 లెవెళ్లు చేశారు, మధ్యలో 3.5, 4.5 లాంటి అర మెట్లు పెట్టారు. మీ తమ్ముడి చదువు తగ్గలేదు, మెట్లకు నంబర్లు మళ్లీ వేశారు.

లెవెల్ అంటే మార్కులు కాదని కూడా తెలుసుకోవాలి. పాత పద్ధతిలో ప్రతి లెవెల్‌కీ అయిదు విషయాలు చూసేవారు: చేసే పని తీరు, వృత్తి పరిజ్ఞానం, వృత్తి నైపుణ్యం, మాట్లాడటం లెక్కలు కట్టడం లాంటి మౌలిక నైపుణ్యాలు, చివరగా బాధ్యత. అసలు తేడా బాధ్యతలోనే కనబడుతుంది. 3లో ఉన్నవాడి పక్కన ఒకరు నిలబడి చూస్తుండాలి. 4లో ఉన్నవాడు తన పనికి తానే పూచీ. 5లో ఉన్నవాడు తన పనితో పాటు పక్కవాళ్ల పనికీ కొంత పూచీ పడాలి. అంటే ఒకడు మీటర్ బోర్డు ఒక్కడే బిగించి, ఎర్తింగ్ చూసుకుని, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ టెస్ట్ చేసి వస్తాడు. ఇంకొకడు ఇద్దరు హెల్పర్లను వెంటేసుకుని అపార్ట్‌మెంట్ మొత్తం వైరింగ్ చేయించుకొస్తాడు. ఐటీఐ నుంచి అప్పుడే బయటకొచ్చిన కుర్రాడు ఈ ఇద్దరిలో ఎవరో మీరే చెప్పండి. నన్నడిగితే 4 సరైనదే. మొదటే 5 ఇవ్వడం గొప్పకి ఇచ్చినట్టు.

జర్మనీలో చూడండి. మూడున్నరేళ్లు ఫ్యాక్టరీలో, వృత్తి పాఠశాలలో చదివిన ఎలక్ట్రీషియన్‌కి వాళ్ల చట్రంలో ఇచ్చేది 4. అదే మనిషి అనుభవం గడించి మైస్టర్ (ఆ వృత్తిలో మాస్టర్) పరీక్ష పాసైతే 6 వస్తుంది. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ కూడా 6 మీదే ఉంటుంది. పనివాడికీ డిగ్రీవాడికీ ఒకే వరసలో కుర్చీ వేశారు. మన దగ్గర బీటెక్ ఫెయిలైనవాడికి కూడా ఐటీఐ పాసైనవాడంటే చిన్నచూపు. పెళ్లి సంబంధాల్లో 'అబ్బాయి ఐటీఐ' అనాల్సి వస్తే గొంతు తగ్గించి చెప్పేవాళ్లని ఎంతమందిని చూశానో! ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం ఆ అబ్బాయే కావాలి...

బోడుప్పల్ పిల్లగాడు:
మాస్టారూ దండాలు. నేను 2019లో చేరి 2021లో పాసయ్యాను, వాడు 2022లో చేరి 2024లో పాసయ్యాడు. అర్థమైంది. కానీ జర్మనీ కాదండీ. ఫారం ఎర్రర్ ఎందుకిస్తోందో ఎవరూ చెప్పట్లేదు.

చిన్నమాట:
ఏ దేశం?

క్రెడిట్ లెక్కలు:
ఇన్‌స్ట్రక్టర్ గారు ఒక సంగతి వదిలేశారు. 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. బడి చదువు, డిగ్రీ చదువు, నైపుణ్యాల చదువు మూడింటినీ ఒకే నిచ్చెన మీదకు తెచ్చారు. పదో తరగతి 3, ఇంటర్ 4, మూడేళ్ల డిగ్రీ 5.5, నాలుగేళ్ల డిగ్రీ 6, పీహెచ్‌డీ 8. పది తర్వాత రెండేళ్లు చదివితే ఇంటర్ అయినా ఐటీఐ అయినా ఒకే మెట్టు మీద ఉండాలి కదా, ఆ లెక్కలోనూ 4. ఏడాదికి 1200 గంటలు, 30 గంటలకు ఒక క్రెడిట్, అంటే 40 క్రెడిట్లు. ఎలక్ట్రీషియన్ కొత్త సిలబస్‌లో మొదటి ఏడాది లెక్క చూడండి: ప్రాక్టికల్ 840, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. కూడితే సరిగ్గా 1200. ఏదీ గాలివాటంగా పెట్టలేదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (సంపాదించిన క్రెడిట్లు దాచుకునే ఆన్‌లైన్ ఖాతా) అకౌంట్ తెరిచారా? తెరవకపోతే ముందు ఆ పని చూడండి.

పాత ఇన్‌స్ట్రక్టర్:
క్రెడిట్ల లెక్క బాగానే ఉంది నాయనా. ఆ 840 గంటల్లో కుర్రాడి చేతికి శ్రావణం, టెస్టర్ ఎన్ని గంటలు అందుతాయో కూడా నీ పట్టికలో రాసి ఉందా? ఒక్క మోటారు చుట్టూ ఇరవై మంది నిలబడే ల్యాబ్‌లు చూసినవాణ్ని నేను.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:
అయితే ఐటీఐ రెండేళ్లు ఇంటర్‌తో సమానమే కదా? మా మరదలు డిగ్రీలో చేరదామనుకుంటోంది. డైరెక్ట్‌గా చేరొచ్చా?

క్రెడిట్ లెక్కలు:
సమానమే. రెండూ లెవెల్ 4.

హెచ్‌ఆర్ అక్క:
ఆగండాగండి. ఒకే లెవెల్ అంటే సమానం అని కాదు. ఇది మాకు రోజూ వచ్చే తలనొప్పి. లెవెల్ చెప్పేది చదువు ఎంత లోతుగా ఉంది అని. సమానం అంటే దీని బదులు అది ఒప్పుకుంటాం అని ఒక బోర్డో యూనివర్సిటీయో చెప్పడం. ఐటీఐ వాళ్లు ఇంటర్ పాసైనట్టు సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా లాంగ్వేజ్ పరీక్ష లాంటివి రాసి పాసవ్వాలి. ఆ పేపర్ లేకుండా 'నాది లెవెల్ 4 కాబట్టి ఇంటర్‌తో సమానం' అంటే అడ్మిషన్ కౌంటర్‌లో ఎవరూ వినరు. ఇంటర్ ఎంపీసీ వాళ్లూ 'మాదీ లెవెల్ 4, ఎలక్ట్రీషియన్ పోస్టుకి తీసుకోండి' అంటే మేం వింటామా?

క్రెడిట్ లెక్కలు:
అది పాత పద్ధతి అక్కా. క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఉద్దేశమే అటు నుంచి ఇటు మారే వీలు కల్పించడం.

హెచ్‌ఆర్ అక్క:
ఉద్దేశం వేరు, కౌంటర్ వేరు. మరదల్ని ముందు కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోమనండి.

బోడుప్పల్ పిల్లగాడు:
అన్నా, అక్కా, నా సంగతి??? ఇది అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన ఆన్‌లైన్ ఫారం. తమ్ముడి కోసం. న్యూజిలాండ్. చెప్పాననుకున్నా. వాళ్లకి ఫోన్ చేస్తే '4 అయితే కష్టం, మేం లెవెల్ పెంచే లెటర్ ఇప్పిస్తాం, దానికి ఫీజు వేరే' అంటున్నారు.

చిన్నమాట:
లెవెల్ పెంచే లెటర్ అనేది లేదు. డబ్బు కట్టొద్దు.

10 మెట్లు అన్నప్పుడే మన ప్రస్తుత చట్రం కాదని తెలిసింది, మనది ఇప్పుడు 8. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఐర్లండ్ మూడింటికీ 10 ఉన్నాయి. స్కాట్లండ్‌కి 12. అందుకే దేశం అడిగాను.

మన 4 అంటే వాళ్ల 4 కాదు. ఎలక్ట్రీషియన్ చదువునే తీసుకోండి: ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ త్రీ, లెవెల్ 3. ఇంగ్లండ్‌లోనూ 3. న్యూజిలాండ్‌లో 4. ఐర్లండ్‌లో 6. పని ఒకటే, కరెంటూ ఒకటే. ఐర్లండ్‌లోవాడు ఆస్ట్రేలియావాడికంటే రెట్టింపు నేర్చుకున్నాడని కాదు, ఎవరి నిచ్చెన వాళ్లది. బయటి దేశం చదువు తమ నిచ్చెన మీద ఎక్కడ నిలుస్తుందో చెప్పేది న్యూజిలాండ్ అర్హతల సంస్థ ఎన్‌జెడ్‌క్యూఏ. కన్సల్టెన్సీ కాదు, మీరు కాదు, మన అట్ట మీది నంబరూ కాదు.

ఎర్రర్ సంగతి: ఆ బాక్స్‌కి పైన 'క్వాలిఫికేషన్ టైప్' అని ఉందా? అందులో ఏం పెట్టారు?

బోడుప్పల్ పిల్లగాడు:
ఉంది. డిప్లొమా అని పెట్టాను. ఐటీఐ డిప్లొమా కదా.

పాలిటెక్నిక్ సీనియర్:
ఐటీఐ డిప్లొమా ఏంటి బాస్? డిప్లొమా అంటే మాది. పాలిసెట్ రాసి, మూడేళ్లు చదివి, ఎస్‌బీటీఈటీ బోర్డు పరీక్షలు రాసి తెచ్చుకున్నది. ఐటీఐ వాళ్లకి ఇచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. ఊళ్లో అందరూ రెండింటినీ డిప్లొమా అనేస్తారు, మా విలువ పోతోంది.

పాత ఇన్‌స్ట్రక్టర్:
విలువ పేరులో ఉండదు బాబూ. మా ట్రైనీలు మీ డిప్లొమా వాళ్లకి ప్యానెల్ వైరింగ్ నేర్పించిన సందర్భాలు జీడిమెట్లలో కావలసినన్ని.

పాలిటెక్నిక్ సీనియర్:
నేర్పించి ఉండొచ్చు సార్, కాదనను. కానీ సర్టిఫికెట్‌ని సర్టిఫికెట్ అనడానికేం?

చిన్నమాట:
మీ గొడవలోనే జవాబు ఉంది. న్యూజిలాండ్‌లో డిప్లొమాలు లెవెల్ 5 నుంచే మొదలవుతాయి. సర్టిఫికెట్లు 1 నుంచి 6 వరకు ఉంటాయి. టైప్ డిప్లొమా అని పెట్టి 4 నొక్కితే ఫారం ఎందుకు ఒప్పుకుంటుంది? టైప్‌లో సర్టిఫికెట్ పెట్టండి. డిప్లొమా, 5 అని పంపి ఉంటే తర్వాత నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ చూపించమన్నప్పుడు అబద్ధం రాశారని పట్టుకుంటారు.

గ్రూప్ డీ వెయిటింగ్:
న్యూజిలాండ్‌లో లెవెల్ 4కి బేసిక్ ఎంత బ్రో?

హెచ్‌ఆర్ అక్క:
దేవుడా.

పిల్లగాడూ, ఇంకో మాట. అక్కడ ఎలక్ట్రికల్ పని చేయాలంటే చదువు లెవెల్ ఒక్కటే చాలదు. ఎలక్ట్రికల్ వర్కర్స్ రిజిస్ట్రేషన్ బోర్డు అని ఒకటి ఉంది, అందులో రిజిస్టర్ అయి లైసెన్స్ తెచ్చుకోవాలి. మీ తమ్ముడు 2024లో పాసయ్యాక ఎక్కడైనా పనిచేశాడా? అప్రెంటిస్ చేశాడా? ఏ పనులు చేశాడో రాసి ఉన్న లెటర్లు ఉన్నాయా? నంబర్ కంటే అవి ముఖ్యం. 'పనిచేశాడు, మంచివాడు' అని రెండు లైన్ల లెటర్ పనికిరాదు. ప్యానెల్ బిగించాడా, మోటార్ వైండింగ్ చేశాడా, ఎన్ని నెలలు అని ఉండాలి.

బోడుప్పల్ పిల్లగాడు:
సర్టిఫికెట్ అని మార్చా, 4 తీసుకుంది! పంపేశా. థాంక్స్ అందరికీ. చిన్నమాట అన్నా సూపర్. అప్రెంటిస్ చేయలేదక్కా, మా బావ దగ్గర పనిచేస్తున్నాడు.

చిన్నమాట:
పంపేశారా? ఎన్‌జెడ్‌క్యూఏ అసెస్‌మెంట్ ఉందా, లేదా అని ఫారం ఎక్కడా అడగలేదా? ఆ 4 మీరే వేసుకున్న నంబర్ అవుతుంది.

హెచ్‌ఆర్ అక్క:
బావకి లైసెన్స్ ఉందా? ఆయన లెటర్‌హెడ్ మీద ఇస్తాడా?

క్రెడిట్ లెక్కలు:
@బోడుప్పల్ పిల్లగాడు, అకడమిక్ బ్యాంక్ అకౌంట్ సంగతి మర్చిపోకండి.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:
ఆ లాంగ్వేజ్ పరీక్ష తెలుగులో రాయొచ్చా? ఎవరైనా రాసినవాళ్లున్నారా?

పాత ఇన్‌స్ట్రక్టర్:
ఉన్నారమ్మా, మా బ్యాచ్ పిల్లలు రాశారు. రేపు కనుక్కుని చెబుతాను. పాలిటెక్నిక్ బాబుకి కూడా ఒక మాట చెప్పాల్సింది ఉంది, అదీ రేపే.