ఎడమవైపు తిరగడమే కదా అనుకున్నాను: స్టాక్ కార్ డ్రైవర్ వృత్తి గురించి ఒక సందేహం

ప్రశ్న (పెరంబూర్, చెన్నై)

అందరికీ నమస్కారం. మా అక్క కొడుక్కి పదిహేనేళ్ళు. కంప్యూటరుకు స్టీరింగు, పెడళ్ళు తగిలించుకుని రాత్రి పొద్దుపోయేదాకా రేసు ఆటలు ఆడుతుంటాడు. 2024లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ ఫార్ములా 4 రేసు జరిగినప్పుడు నేనే తీసుకెళ్ళాను. ఇంటికి వచ్చి, తాను ఫార్ములా వైపు కాకుండా అమెరికాలో నాస్కార్ (చూడటానికి మామూలు కార్లలా ఉండే స్టాక్ కార్ల రేసులు నడిపే సంస్థ) డ్రైవర్ అవుతానని ప్రకటించాడు. అండాకారపు ట్రాకు మీద ఎడమవైపు తిరుగుతూ ఉండటంలో అంత విద్య ఏముందో నాకు అర్థం కాలేదు. ఫార్ములా 1 నడిపిన మొదటి భారతీయుడు, మన నరైన్ కార్తికేయన్ గారు కూడా 2010లో అక్కడ పోటీ చేశారు కదా, మరి ఒక్క సీజన్‌తో ఎందుకు ఆగిపోయారు? ఆ దారిలో నిజంగా బ్రతుకుతెరువు ఉందా? అక్కకు ఏదో ఒక సమాధానం చెప్పవలసి ఉంది.

జవాబు 1 (ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో మెకానిక్)

నేను పన్నెండేళ్ళుగా ఇక్కడ ఫార్ములా కార్ల మీద, టూరింగ్ కార్ల మీద పని చేస్తున్నాను. స్టాక్ కారును చేత్తో తాకింది లేదు కాని, కారు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే భాష ఎక్కడైనా ఒకటే. నరైన్ గారు నడిపింది నాస్కార్‌లో మూడో శ్రేణి అయిన ట్రక్ సిరీస్‌లో, అంటే పికప్ ట్రక్కుల రేసుల్లో. మార్టిన్స్‌విల్‌లో తన మొదటి ట్రక్ రేసును 13వ స్థానంలో ముగించారు. అది 0.526 మైళ్ళ ట్రాకు, పేపర్ క్లిప్పు ఆకారంలో ఉంటుంది. 2010 నాటి ఫార్ములా 1 కారు డ్రైవరుతో కలిపి కనీసం 620 కిలోలు ఉండాలన్నది నియమం. ఆ రేసు ట్రక్కు దాదాపు ఒకటిన్నర టన్ను. అంత బరువును అంత చిన్న ట్రాకు మీద ప్రతి ల్యాప్‌లోనూ రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసి తిప్పాలి, ఇరుపక్కలా బండ్లు ఒరుసుకుంటూ ఉండగానే. అలవాటు లేని ఆ బండితో అభిమానుల ఓట్ల ద్వారా ఆ ఏటి ట్రక్ సిరీస్‌లో అత్యంత జనాదరణ పొందిన డ్రైవర్‌గా ఎంపికైన మనిషిని విఫలుడని నేను అనను.

ఇక విద్య సంగతి. ముందు చక్రాలు పట్టు ఇవ్వక కారు మలుపు తిరగకపోతే దాన్ని ‘టైట్’ అంటారు, వెనక భాగం జారిపోతే ‘లూజ్’ అంటారు. ఇంధనం తగ్గేకొద్దీ, టైర్లు అరిగేకొద్దీ, ఎండ మారేకొద్దీ అదే కారు ఒకదాని నుంచి రెండోదానికి మారిపోతుంది. రేసు మధ్యలో కారును సరిచేసే చోటైన పిట్‌లోకి వచ్చినప్పుడు మెకానిక్ కారు వెనక కిటికీ అద్దంలోని రంధ్రం గుండా పొడవాటి రెంచి దూర్చి, స్ప్రింగు మీది బరువును ఒక చుట్టో అర చుట్టో మారుస్తాడు. ఎటు తిప్పాలన్నది డ్రైవరు నోటి నుంచే రావాలి. మా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళలో చాలామంది ‘కారు బాగా లేదన్నా’ అని దిగిపోతారు. ఆ మాటతో నేనేం చేయను? ‘మలుపు నడుమ ముక్కు బయటికి పోతోంది, యాక్సిలరేటరు నొక్కగానే తోక జారుతోంది’ అన్నవాడి కారును పది నిమిషాల్లో దారికి తెస్తాం.

జవాబు 2 (అణ్ణానగర్)

పై జవాబుకు ఒక ఉదాహరణ చేరుస్తాను. అమెరికాలో పేరుమోసిన ఇండియానాపోలిస్ 500 రేసును గెలిచి, ఫార్ములా 1లోనూ గెలిచిన హువాన్ పాబ్లో మోంటోయా 2007 నుంచి 2013 దాకా నాస్కార్‌లో అగ్రశ్రేణి అయిన కప్ సిరీస్‌లో పూర్తికాలం నడిపి రెండే రేసులు గెలిచాడు. సోనోమా, వాట్కిన్స్ గ్లెన్ అనే ఆ రెండూ కుడి ఎడమ మలుపులున్న రోడ్డు ట్రాకులే; అండాకారపు ట్రాకు మీద ఒక్క గెలుపూ దక్కలేదు. తిరగడమే కదా అనేవారికి ఇంతకంటే చెప్పేదేముంది?

మీ మేనల్లుడికి ఆశ కలిగించే మనిషి విలియం బైరన్. అతడు కంప్యూటరు మీద ఐరేసింగ్ అనే రేసు ఆటతో మొదలుపెట్టి, ఆ తర్వాతే నిజమైన కారెక్కి, 2024లోనూ 2025లోనూ నాస్కార్‌లోకెల్లా పేరున్న రేసైన డేటోనా 500 గెలిచాడు. అయితే అతడు పుట్టి పెరిగింది నాస్కార్ జట్లలో చాలావాటికి కేంద్రమైన షార్లెట్‌లో అన్నది మరువకూడదు. స్థానిక ట్రాకుల మీద లేట్ మోడల్ అనే స్టాక్ కార్లు, ఆపైన ఆర్కా అనే దిగువ శ్రేణి సిరీస్, ఆపైన ట్రక్ సిరీస్, రెండో శ్రేణి, చివరికి కప్ సిరీస్, ఇదీ సాధారణంగా ఎక్కే నిచ్చెన. ప్రతి మెట్టు దగ్గరా అడిగే మొదటి ప్రశ్న స్పాన్సర్ ఎవరన్నదే. 2016 నుంచి కప్ సిరీస్‌లో 36 చార్టర్లే ఉన్నాయి, అంటే ప్రతి రేసులోనూ చోటు ఖాయమైన కార్లు 36 మాత్రమే. ఆ కొద్ది సీట్ల కోసం వేగం ఒకటే ఉన్నవాడూ, వేగంతో పాటు కంపెనీ డబ్బు తెచ్చేవాడూ పోటీ పడితే ఎవరికి దక్కుతుందో వేరే చెప్పనక్కరలేదు. నరైన్ గారు 2011లో ఫార్ములా 1కు తిరిగి వెళ్ళారు, కాబట్టి ఆయన కథను అమెరికాలో ముగిసిన కథగా చూడటం సరికాదు.

జవాబు 3 (విల్లివాక్కం)

మా అబ్బాయిని రెండేళ్ళు కార్టింగ్‌కు (చిన్న రేసు బండ్ల శిక్షణకు) పంపిన తండ్రిగా రాస్తున్నాను. ఒక శిక్షణ సంస్థ సీజన్ ఫీజంతా ముందే కట్టించుకుని, సగం రోజులు కార్టు మరమ్మతులో ఉందని చెప్పి పిల్లవాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టింది. కాబట్టి డబ్బు కట్టే ముందు కార్టు ఎన్ని గంటలు నడపనిస్తారో కాగితం మీద రాయించుకోండి.

మీ అక్కగారు అడగబోయేది ప్రాణభయం గురించే అనుకుంటాను. ఏడుసార్లు చాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్ 2001 డేటోనా 500 చివరి ల్యాప్‌లో గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఆ ఏడాదే తలను, మెడను పట్టి ఉంచే సాధనాన్ని డ్రైవర్లందరికీ తప్పనిసరి చేశారు, మరుసటి ఏటి నుంచి దెబ్బను పీల్చుకునే గోడలు వచ్చాయి. ప్రమాదాలు ఆగలేదు గాని, అప్పటి నుంచి కప్ సిరీస్ రేసులో ఏ డ్రైవరూ చనిపోలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి వాణ్ణి ఆటలో పది ల్యాపులు తిప్పమని, ప్రతి ల్యాప్ తర్వాతా కారు ఏం చేస్తోందో నోట్‌బుక్‌లో రాయమన్నాను. మొదటి నాలుగు ల్యాపులకూ ‘బాగుంది’ అని రాశాడు. ఐదోదానికి కాసేపు ఆలోచించి, ‘రెండో మలుపు దాటాక తోక జారుతోంది, టైరు వేడెక్కిందేమో’ అని రాశాడు. ఈ ఆదివారం కార్టింగ్‌కు తీసుకెళ్తున్నాను. గంటల సంగతి కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కడతాను.