డీవీసీ (గృహహింస కేసు) నోటీసు అందింది, ముందు ఏం చేయాలి?

కొత్త_వాయిదా:
అందరికీ నమస్కారం. నా భార్య గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వేసింది. నోటీసులో నాతో పాటు అమ్మానాన్నలు, ఎప్పుడో పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న అక్క పేరు కూడా ఉంది. పోలీసులు వస్తారేమోనని అమ్మకు నిద్ర లేదు. ఇల్లు నాన్న పేరు మీద ఉంది. ఒకసారి ఫోన్ చేసి నచ్చజెప్పమని బాబాయి అంటున్నాడు. చేయనా?

ఎస్వీఆర్:
వద్దు తమ్ముడూ. ముందు ఆ కాగితాలన్నీ చివరి పేజీ దాకా చదవండి. సెక్షన్ 23 కింద మేజిస్ట్రేట్ మీ వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. అందులో ఆమెతో మాట్లాడకూడదని ఉంటే, మీరు మంచిమాటకే ఫోన్ చేసినా అది ఉల్లంఘనే. సెక్షన్ 31 ప్రకారం ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బాబాయి చేత చెప్పించడం, వాట్సాప్ స్టేటస్‌లో ఏదో పెట్టడం కూడా వద్దు. ఉత్తర్వు లేకపోయినా సరే, రాజీ మాటలు లాయర్ల ద్వారానో కోర్టు కౌన్సెలింగ్‌లోనో జరగనివ్వండి.

నల్లకోటు:
ప్రాక్టీసులో ఉన్న లాయర్‌ని. కంగారుపడేవాళ్లు ఎక్కువగా రెండు కేసుల్ని కలిపేస్తుంటారు. 2005 చట్టం కింద వచ్చే డీవీసీ సివిల్ స్వభావం ఉన్నది. రక్షణ, నివాసం, భరణం, పరిహారం లాంటివి అడుగుతారు. ఈ నోటీసు వచ్చినంత మాత్రాన అరెస్టు ఉండదు, అమ్మగారికి ఆ మాట చెప్పండి.

498ఏ వేరు, అది భార్యను భర్త, అత్తింటివాళ్లు వేధించారనే క్రిమినల్ కేసు. 2024 జులై 1 నుంచి జరిగినవాటికి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. మూడేళ్ల దాకా శిక్ష ఉంది, నాన్‌బెయిలబుల్. అయినా యాంత్రికంగా అరెస్టు చేయకూడదని అర్నేష్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ముందు హాజరవమని పోలీసులు నోటీసు ఇస్తారు. దాన్ని పట్టించుకోకపోతే ఆ రక్షణ పోతుంది. అది కూడా రావచ్చనిపిస్తే ముందస్తు బెయిల్ సంగతి ఇప్పుడే మీ లాయర్‌తో మాట్లాడండి.

ఇల్లు నాన్నగారిదే అయినా, ఆమె అక్కడ కాపురం చేసి ఉంటే నివాస హక్కు అడగొచ్చు. 2020లో సతీశ్ చందర్ అహుజా తీర్పు అదే. తాళం మార్చడం, సామాన్లు బయట పెట్టడం లాంటివి చేయకండి.

రాత_కోతలు:
నేను ఇదంతా దాటొచ్చినవాణ్ణి. కేసులో బరువంతా కౌంటర్ మీదే, అంటే పిటిషన్‌కు మనం రాసి వేసే జవాబు మీదే ఉంటుంది. చాలామంది "అన్నీ అబద్ధాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిటిషన్‌లో పేరా 1, 2 అని ఉంటాయి కదా, ఒక్కోదానికీ విడిగా జవాబివ్వాలి. నా మీద ఫలానా రాత్రి ఇంట్లో కొట్టానని రాశారు. ఆ రాత్రి నేను ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్నాను. రైలు టికెట్టు, లాడ్జి బిల్లు, ఆఫీసు మెయిల్ జత చేశాం. మిగతా చోట్ల నిజమైనది నిజమనే ఒప్పుకున్నాం. పెళ్లి తేదీ, పిల్లవాడి స్కూలు, ఆమె పుట్టింటికి వెళ్లిన రోజు లాంటివి. వాటిని కూడా కాదంటే మన మాటకు విలువ ఉండదు.

వాట్సాప్ చాట్ ప్రింటు తీస్తే చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి, మీకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా. వాయిదా అసలు తప్పించుకోకండి. మీరు లేకుండానే ఎక్స్‌పార్టీగా తేలిపోతుంది.

చిన్నాడపడుచు:
మా అన్న కేసులో నా పేరూ పెట్టారు, కాబట్టి మీ అక్క టెన్షన్ నాకు తెలుసు. ఆవిడ ఎక్కడ ఉంటోందో ఆధారాలు జత చేసి విడిగా కౌంటర్ వేయండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పిటిషన్‌లో ఉన్నవాటిలో కొన్ని నిజమైతే లాయర్ దగ్గర దాచొద్దు. చేయి చేసుకుని ఉంటే, కేసు ఎటు పోయినా అది ఆగాలి, అవసరమైతే కౌన్సెలర్ సాయం తీసుకోండి. మీ భార్య క్యారెక్టర్ మీద బురద జల్లమని చుట్టాలు సలహా ఇస్తారు. దయచేసి వినకండి. ఆవిడ మీ పిల్లల తల్లి కూడా కావచ్చు.

నల్లకోటు:
డబ్బు సంగతి మర్చిపోయాను. భరణం అడిగితే ఆస్తులు, అప్పులు, జీతం చూపిస్తూ అఫిడవిట్ ఇద్దరూ వేయాలి, రజనీష్ వర్సెస్ నేహా తీర్పు, 2020. జీతం దాచడం, ఉద్యోగం మానేసినట్టు చూపడం దాదాపు ఎప్పుడూ బెడిసికొడుతుంది. పిల్లలుంటే ఫీజులు ఇప్పుడే ఆపకండి, బ్యాంకు ద్వారానే కట్టండి.

కొత్త_వాయిదా:
చివరి పేజీలో మధ్యంతర ఉత్తర్వు ఉంది, ఆమెను సంప్రదించకూడదని. బాబాయికి గట్టిగా చెప్పేశాను. రేపు లాయర్‌ని కలుస్తున్నాం. ఈ ఉత్తర్వు మీద అప్పీలు ఉంటుందా?

నల్లకోటు:
ఉంటుంది. సెక్షన్ 29 కింద సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో. ఉత్తర్వు మీ చేతికి అందిన తేదీ కవరు మీద రాసిపెట్టి, కవరుతో సహా లాయర్‌కి ఇవ్వండి. అప్పీలు వేసినా, స్టే వచ్చేదాకా ఉత్తర్వు పాటించాల్సిందే.