లీజ్డ్ లైన్ పడితే మోడెం డయల్ చేస్తోంది, కాల్ మాత్రం కట్ కావడం లేదు (సిస్కో 2611 రౌటర్, ఐపీఎక్స్)

కావలి_2611:
నెల్లూరులో నెట్‌వేర్ 3.12 సర్వర్, కావలి బ్రాంచిలో పది డాస్ మెషిన్లు. మధ్యలో 64 కేబీపీఎస్ లీజ్డ్ లైన్, రెండు చోట్లా 2611లే. ఐపీకి ఈఐజీఆర్పీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) నడుస్తోంది. బిల్లింగ్ ప్రోగ్రాంకి ఐపీఎక్స్ (నెట్‌వేర్ వాడే ప్రోటోకాల్) తప్ప ఇంకోటి తెలీదు. తుఫాను రోజులకని ఆక్స్ పోర్టుకు యూఎస్ రోబోటిక్స్ మోడెం తగిలించి, సీరియల్ (లీజ్డ్ లైన్ పోర్టు) మీద 'బ్యాకప్ ఇంటర్‌ఫేస్ అసింక్65', 'బ్యాకప్ డిలే 10 60' (లైన్ పడిన 10 సెకన్లకు లేవాలి, తిరిగొచ్చిన 60 సెకన్లకు ఆగాలి) ఇచ్చాను; అసింక్65 అంటే ఆ ఆక్స్ పోర్టే. తిప్పలు రెండు. నాలుగైదు సార్లు డయల్ చేస్తేగానీ కలవదు, మోడెం ఇంకా అరుస్తుండగానే రౌటర్ కాల్ కోసేస్తోంది. తీరా కలిసిందా, బ్రాంచి తాళం వేసినా తెల్లారేదాకా వదలదు. ఐడిల్ టైమౌట్ (పని లేకపోతే కాల్ తెంచే గడువు) 120 సెకన్లే. డయలర్-లిస్టులో (ఏ ప్యాకెట్లకు డయల్ చేయాలో చెప్పేది) ఐపీ పర్మిట్, ఐపీఎక్స్ పర్మిట్, అంతే. ఎస్టీడీ బిల్లు చూస్తే గుండె గుభేల్. ఏంది దీని సంగతి?

పెన్నాగట్టు:
మొదటిది తేలిక అన్నా. క్యారియర్ (అవతలి మోడెం సిగ్నల్) కోసం రౌటర్ ఆగేది డిఫాల్టుగా 30 సెకన్లే. నంబరు నొక్కడం, అవతల రింగు, రెండు మోడెంలు కుదురుకోవడం, అన్నీ కలిపితే అది చాలదు. అసింక్ మీద 'డయలర్ వెయిట్-ఫర్-క్యారియర్-టైమ్ 60' ఇవ్వు. చాట్-స్క్రిప్టులో (మోడెంకు పంపే ఆదేశాల వరుస) టైమౌట్ కూడా 60 చెయ్యి. ఒకటి పెంచి ఇంకోటి వదిలేస్తే చిన్నది ఏదో అదే కాల్‌ను కోసేస్తుంది. ఈపీఏబీఎక్స్ (ఆఫీసు సొంత ఫోన్ ఎక్స్చేంజి) గుండా పోతుంటే బయటి లైన్ అంకె, కామా, ఆ తర్వాత 0861తో నంబరు. ఒక్కో కామాకు మోడెం 2 సెకన్లు ఆగుతుంది. ఈపీఏబీఎక్స్ డయల్‌టోన్ దానికి అర్థం కాక 'నో డయల్‌టోన్' అంటుంటే ఎక్స్3 (డయల్‌టోన్ కోసం చూడకుండా డయల్ చేయమనే ఆదేశం) పెట్టు.

ఇక వదలకపోవడం. ఐపీఎక్స్ రిప్ (దారుల ప్రకటన), సాప్ (సర్వర్ల ప్రకటన) రెండూ 60 సెకన్లకోసారి పోతాయి. నీ లిస్టు అన్నిటినీ పర్మిట్ అంటోంది కాబట్టి 120 నుంచి దిగే లెక్క 60 దగ్గరికి రాగానే మళ్లీ 120కి ఎక్కుతుంది. సున్నాకు ఎప్పుడొస్తుంది? పైగా ఈఐజీఆర్పీ హలోలు (పక్క రౌటర్‌ను పలకరించే ప్యాకెట్లు) 5 సెకన్లకోటి. యాక్సెస్-లిస్ట్ 900 రాసి 452 (సాప్), 453 (రిప్), 457 (సీరియలైజేషన్, అంటే నెట్‌వేర్ కాపీల తనిఖీ) సాకెట్లను డినై చేసి, చివర మిగతావన్నీ పర్మిట్ చెయ్యి. 451ని ముట్టుకోవద్దు, ఫైల్ పని అంతా దానిమీదే. ఐపీకి 101 రాసి ఈఐజీఆర్పీని డినై చేసి, అక్కడా మిగతావన్నీ పర్మిట్ చెయ్యి. ఈ రెండింటినీ డయలర్-లిస్టుకే కట్టు. ఇక్కడ డినై అంటే ప్యాకెట్‌ను పారేయడం కాదు. లైన్ లేచి ఉంటే పోతుంది. కాల్ పెట్టించదు, టైమర్‌ను తిప్పదు, అంతే.

ఒంగోలు_సీరియల్:
లిస్టు సరే, అదొక్కటే పెడితే ఇంకో తంటా ఉందండీ. ఇన్నాళ్లూ కాల్ పెట్టించింది ఆ రిప్, సాప్, హలోలే. వాటిని తీసేశాక లైన్ పడితే కావలి రౌటర్‌కు సర్వర్‌కి దారే ఉండదు. ప్యాకెట్ మోడెం దాకా రాదు, డయల్ కాదు. కాబట్టి ఐపీఎక్స్ రూట్లు చేత్తో రాసి చివర 'ఫ్లోటింగ్-స్టాటిక్' (మామూలు దారి పోయినప్పుడే పనికొచ్చే రూటు) అనాలి. నెల్లూరు లాన్ నెట్‌వర్క్‌కు ఒకటి, సర్వర్ ఇంటర్నల్ నెట్‌వర్క్‌కు ఒకటి. ఎక్కువమంది మరిచేది రెండోదే. సర్వర్ కన్సోల్లో 'కాన్ఫిగ్' కొడితే ఆ నంబరు కనిపిస్తుంది. సర్వర్ పేరు కోసం కావలి రౌటర్లో స్టాటిక్ సాప్ కూడా కావాలి: టైపు 4, నోడ్ 0000.0000.0001, సాకెట్ 451. ఐపీ స్టాటిక్ రూటుకు డిస్టెన్స్ (చిన్నదైన కొద్దీ ఆ రూటుకే ముందు చోటు) 200 ఇవ్వండి. ఈఐజీఆర్పీ 90, కాబట్టి లైన్ బాగున్నంత కాలం ఇది పక్కన కూర్చుంటుంది.

ఖాళీగా ఉన్న క్లయింట్‌ను సర్వర్ దాదాపు 5 నిమిషాల తర్వాత వాచ్‌డాగ్‌తో పలకరిస్తుంది. జవాబు రాకపోతే నిమిషానికోసారి అడిగి చివరికి తెంచేస్తుంది. పలకరింపు కోసం కాల్ లేవకూడదు, లాగిన్లూ ఊడకూడదు. అందుకని నెల్లూరు వైపు అసింక్ మీద 'నో ఐపీఎక్స్ రూట్-క్యాష్', ఆ కింద 'ఐపీఎక్స్ వాచ్‌డాగ్-స్పూఫ్' ఇస్తే క్లయింట్ బదులు రౌటరే పలుకుతుంది.

నెల్లూరు మోడెంకు ఎస్0=1 (మొదటి రింగుకే ఎత్తడానికి), దాంతోపాటు ఈ0 క్యూ1 (మోడెం ఎకో, జవాబులు ఆపడానికి) ఇచ్చారా? ఇవ్వకపోతే రౌటర్ ప్రాంప్టును మోడెం తిప్పి పంపడం, దానికి రౌటర్ మళ్లీ జవాబివ్వడం, ఈ వాగ్వాదంలో లైన్ బిజీగా ఉండిపోతుంది. రివర్స్ టెల్నెట్ (రౌటర్ గుండా మోడెంతో మాట్లాడే దారి) పోర్టు 2065 మీద లోపలికెళ్లి సెట్ చేసి, &డబ్ల్యూతో సేవ్ చేయండి. మోడెం మీద 56కే అని రాసి ఉన్నా రెండు కొసలూ అనలాగే కాబట్టి 33.6 దాటదు, దానికోసం కుస్తీ పట్టొద్దు.

కావలి_2611:
60 పెట్టగానే మొదటి డయల్‌కే కలిసింది. లిస్టు, రూట్లు వేశాక కాల్ రెండు నిమిషాలకు తనే కట్ అవుతోంది. కానీ ఈ మధ్యాహ్నం లైన్ పోయినా బ్యాకప్ లేవలేదు. సీరియల్ చూస్తే 'అప్, లైన్ ప్రోటోకాల్ అప్ (లూప్డ్)' అని ఉంది.

పెన్నాగట్టు:
టెస్టింగ్ కోసం మధ్యలో ఎవరో లూప్ వేశారు. నీ కీపలైవ్ (లైన్ బతికుందో చూసే ప్యాకెట్) నీకే తిరిగొస్తోంది, రౌటర్ దాన్ని చూసి లైన్ బాగుందనుకుంటోంది. సీరియల్ మీద 'డౌన్-వెన్-లూప్డ్' ఇవ్వు. ఇంకోటి, బ్యాకప్‌ను పరీక్షించాలని సీరియల్‌కు షట్‌డౌన్ కొట్టొద్దు. చేత్తో షట్ చేసిన ఇంటర్‌ఫేస్‌కు బ్యాకప్ లేవదు. వీ.35 కేబుల్ ఊడదీసి 10 సెకన్లు ఆగి, 'షో డయలర్' చూడు.